నల్లరేగడి రోడ్డు, పాత డీజిల్ కారు



గుంటూరు జిల్లా కాకుమాను చుట్టుపక్కల కారు తోలేవాళ్లకు రోడ్డు సంగతి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. పొన్నూరు వైపు నుంచి రానివ్వండి, బాపట్ల వైపు నుంచి రానివ్వండి, చక్రం కింద ఉన్నది నల్లరేగడే. ఈ నేల వానాకాలంలో నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. ఎండాకాలంలో ఆరిపోయి, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. అడుగున నేల ఏటేటా ఇలా లేస్తూ కుంగుతూ ఉంటే, పైన తారు ఎన్ని పొరలు వేసినా చదునుగా నిలవదు. ముందు అంచులు జారతాయి, తర్వాత నడిమధ్య ఎత్తుపల్లాలు తేలతాయి. నల్లమడ వాగు పొంగిన సంవత్సరమైతే ఇక చెప్పనక్కర్లేదు. ఇది చాలదన్నట్టు, నాట్ల రోజుల్లో దమ్ము చక్రాలు విప్పకుండానే రోడ్డెక్కే ట్రాక్టర్లు కొన్ని. ఆ ఇనుప చక్రాలు తారును చెక్కుకుంటూ పోతాయి, వెనకాల వచ్చే కారు ఆ దెబ్బ తింటుంది.

బాపట్ల, రేపల్లె మీదుగా పోయే 216 జాతీయ రహదారి ఎక్కితే అదే కారు నున్నగా జారిపోతుంది. అందుకే చాలామంది ‘మా బండికేం, బ్రహ్మాండంగా ఉంది’ అనుకుంటారు. కింది భాగం ఎలా ఉందో హైవే మీద బయటపడదు. హైవే దిగి, ఊరి రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతూ, అద్దాలు దించి, పాటలు ఆపి వింటే అప్పుడు తెలుస్తుంది.

ఈ పల్లెల్లో పాత డీజిల్ కారంటే ఒకప్పుడు అంబాసిడరే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారుచేసిన ఆ బండి 2014 మే నెలలో ఆగిపోయింది. 1489 సీసీ డీజిల్ ఇంజన్ బలం నలభై హార్స్‌పవర్ కూడా లేదు. అయినా పెళ్లివారినీ పేషెంట్లనీ మోసుకుపోయిందంటే దాని కింది భాగమే కారణం. వెనక కమాన్ కట్టలు, ముందు టార్షన్ బార్లు. టార్షన్ బారంటే మెలిపడుతూ బరువు మోసే ఉక్కు కడ్డీ. ముందు భాగం కుంగితే మెకానిక్ ఆ కడ్డీ బిగువు సరిచేసి మళ్లీ లేపేవాడు. ఇప్పుడు అంబాసిడర్‌ను ఉంచుకున్నవాళ్లు ఇష్టం కొద్దీ ఉంచుకున్నవాళ్లే. రోజువారీ పనికి తిరుగుతున్నవి వేరే.

వాటిలో మొదటిది టాటా ఇండికా. 1998 డిసెంబరు 30న విడుదలైంది. చిన్న కారులో డీజిల్ ఇంజన్ పెట్టడం మన దేశంలో అప్పటికి కొత్త. మొదటి బళ్ల మీద ఫిర్యాదులు గట్టిగానే వచ్చాయి. కంపెనీ లోపాలు సరిదిద్ది 2001లో ‘వీ2’ తెచ్చాక దశ తిరిగింది. ఆ తర్వాత తెనాలి నుంచి తిరుపతి దాకా టాక్సీ స్టాండుల్లో ఎక్కడ చూసినా అదే. 1405 సీసీ ఇంజన్, ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనక కాయిల్ స్ప్రింగులు. ఆ స్ట్రట్ వెనక ఉన్న పేరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరుది. ఫోర్డ్ కంపెనీ 1950లో ఇంగ్లండులో కాన్సల్, జెఫిర్ కార్లకు వాడిన ఆ పద్ధతే తర్వాత చాలా చిన్న కార్లకు పాకింది. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు, స్టీరింగు తిరిగే ఇరుసు, మూడూ ఒకే కాడలో ఇమిడిపోతాయి. చౌక, తేలిక, తక్కువ చోటు. చిక్కల్లా ఒకటే, ఆ కాడ మీద పని ఎక్కువ.

రెండోది 2007లో వచ్చిన మారుతి స్విఫ్ట్ డీజిల్. దాని 1248 సీసీ మల్టీజెట్ ఇంజన్ ఫియట్ వాళ్లది. అదే ఇంజన్ ఫియట్ పుంటోలో ఉంది, టాటా ఇండికా విస్టాలో ఉంది, మారుతి బళ్లు మరికొన్నిటిలో ఉంది. అందుకే దాని సామానుకు ఇవాళ్టికీ కొరత లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు మానేసింది. కొత్తవి రావు కాబట్టి ఉన్నవాటిని బాగుచేసుకునే ఆలోచన పెరిగింది.

డీజిల్ కారు కింది భాగం పెట్రోలు కారు కంటే త్వరగా అలసిపోతుంది. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని విపరీతంగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. పెట్రోలు ఇంజన్‌లో గాలిని పదింతల దాకా నొక్కితే, ఇండికా కాలపు డీజిల్‌లో ఇరవై ఇంతలకు పైగా నొక్కుతారు. అంత ఒత్తిడి తట్టుకోవాలంటే ఇనుము మందంగా ఉండాలి, ఆ బరువంతా ముందు చక్రాల మీదే పడుతుంది.

బండిని బాగుచేయించాలని నిర్ణయించుకున్న మనిషి మొదట చూడాల్సింది బానెట్ కింద కాదు, బీరువాలో ఉన్న ఆర్‌సీ. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2010లో ఏపీ 07 నంబరుతో రోడ్డెక్కిన స్విఫ్ట్‌కు ఆ గడువు 2025లోనే వచ్చేసింది. ఫారం 25 నింపి, గడువుకు అరవై రోజుల లోపు దరఖాస్తు చేసుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న కారు రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద 2015 నుంచీ నడుస్తున్న గొడవ ఇక్కడ లేదు. ఇక్కడ ఫిట్‌గా ఉన్న బండి తిరగొచ్చు. కానీ జనం ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అని పిలుచుకునే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ముందు బండి నిలబడాలి. ఆ రోజుకు పనికొచ్చేలా మరమ్మతుల ప్రణాళిక వేసుకుంటే ఒకే ఖర్చుకు రెండు పనులు అవుతాయి.

తర్వాత ఇంజన్ నాడి. ఇంజన్ పని అయిపోయిన బండికి కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించడం దండగ. ఈ మాట మెకానిక్ చెప్పడు, ఎందుకంటే అడిగిన పని చేయడమే అతని వృత్తి. ఓనరే తేల్చుకోవాలి. తెల్లవారుజామున, రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేసి పొగ చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్లపొగ కక్కితే గాలి చాలడం లేదు, లేదా నాజిళ్లు డీజిల్‌ను సరిగ్గా చిమ్మడం లేదు. దానికి ఎయిర్ ఫిల్టరు, నాజిల్ సర్వీసుతో సరిపోవచ్చు. నీలిపొగ ఆగకుండా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం, అది పెద్ద ఖర్చు. చల్లటి ఉదయం కాసేపు తెల్లపొగ వచ్చి పోతే హీటర్ ప్లగ్గుల పని. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడాలి. అందులోంచి పొగ ఉధృతంగా తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయి. అప్పుడు ఒకసారి కంప్రెషన్ కొలిపించి, ఆ అంకెలు చూశాకే మిగతా డబ్బు సంగతి ఆలోచించాలి.

ఇండికాకు టైమింగ్ బెల్టు ఉంటుంది. సెకండ్ హ్యాండులో కొన్నవాళ్లకు అది ఎప్పుడు మార్చారో తెలియదు. తెలియనప్పుడు మార్చేయడమే, వాదన లేదు. తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజనే పోతుంది. స్విఫ్ట్ మల్టీజెట్‌కు బెల్టు బదులు చైను. దానికి ఆయిల్ శుభ్రంగా ఉంటే చాలు, పాత ఆయిల్‌తోనే నెట్టుకొస్తే మాత్రం చైను సాగుతుంది.

ఇంజన్ బాగుందని తేలిందనుకుందాం. ఇప్పుడు బండి కిందికి దిగాలి.

చాలామంది ‘సస్పెన్షన్ అప్‌గ్రేడ్’ అనగానే మెరిసే కొత్త షాక్ అబ్జార్బర్లే అనుకుంటారు. పాత కారులో అసలు కథ రబ్బరుది. లోయర్ ఆర్ముల బుష్‌లు, స్టెబిలైజర్ బార్ బుష్‌లు, స్ట్రట్ పైన ఉండే మౌంటు, బంప్ స్టాపరు, ఇవన్నీ రబ్బరే. మోకాలి గుజ్జు అరిగితే మనిషి నడక ఎలా మారుతుందో, బుష్ అరిగిన కారు నడకా అలాగే మారుతుంది. ఎండ, ఇంజన్ వేడి, కారిన ఆయిల్ కలిసి పదేళ్లలో ఆ రబ్బరును బిరుసెక్కిస్తాయి. కారు పెద్దగా తిరగకుండా షెడ్డులో ఉన్నా అంతే. మీటరు మీద నలభై వేలే ఉన్నాయని మురిసిపోవడానికి వీల్లేదు.

శబ్దాన్ని బట్టి సగం రోగం తెలుస్తుంది. చిన్న చిన్న గతుకుల మీద టకటకా తేలికగా కొట్టుకుంటే స్టెబిలైజర్ బార్‌ను పట్టే లింక్ రాడ్లు. పెద్ద గుంటలో పడ్డప్పుడు ధబ్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తే స్ట్రట్ మౌంటో, బంప్ స్టాపరో. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతూ కిందనుంచి టక్కుమంటే లోయర్ ఆర్ము బుష్. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తిరుగుతుంటే కటకటలాడితే అది సస్పెన్షన్ కాదు, డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. దాని మీద రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, దుమ్ము చేరి ఉంటుంది. బూటు చిరిగిన రోజే మార్చి ఉంటే చిన్న ఖర్చుతో పోయేది.

షాక్ అబ్జార్బరు సంగతి. బరువు మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఒకసారి అదిరాక ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపును చంపేది షాక్ అబ్జార్బరు. బానెట్ ఒక మూల గట్టిగా నొక్కి వదిలితే బండి ఒకసారి లేచి, కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగిందంటే లోపల నూనె లేదు. టైరు మీద చేత్తో తడిమి చూస్తే కూడా తెలుస్తుంది. చుట్టూ ఎత్తుపల్లాలుగా అరిగిందంటే ఆ చక్రం రోడ్డు మీద నిలవకుండా ఎగురుతూ పరిగెత్తిందన్నమాట. ఎగిరే చక్రానికి బ్రేకు పట్టదు. ఇన్‌స్పెక్షన్‌కు ముందు ఇది చూసుకోవడం మంచిదని చెప్పడానికి ఇదే కారణం. బ్రేకులు కొత్తవే అయినా బండి ఆగే దూరం పెరుగుతుంది.

కొనేటప్పుడు గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లు కొంచెం ఎక్కువ పెట్టి కొనొచ్చు, ఈ ప్రాంతానికి అవి నిజంగా పనికొస్తాయి. ఎత్తుపల్లాల రోడ్డు మీద ఏకబిగిన పోతే మామూలు షాక్ అబ్జార్బరులో నూనె వేడెక్కి నురగ కడుతుంది. నురగకు ఆపే శక్తి ఉండదు. లోపల నైట్రోజన్ ఒత్తిడి ఉంటే నురగ కట్టడం బాగా తగ్గుతుంది. ఒక ఇరుసుకు రెండు వైపులా కలిపే మార్చాలి, ఒక్కటే మార్చడం పొదుపు కాదు. స్ట్రట్ విప్పిన రోజే మౌంటు, బేరింగు, బంప్ స్టాపరు, దుమ్ము బూటు కూడా కొత్తవి వేయించాలి. అవి మార్చడానికి మళ్లీ అంతా విప్పాలి, కూలి మళ్లీ ఇవ్వాలి. క్లచ్‌కూ ఇదే సూత్రం. గేరుబాక్సు దించినప్పుడు రిలీజ్ బేరింగు, క్రాంక్ వెనక ఆయిల్ సీలు చూడకుండా ఎక్కించడం తెలివితక్కువ పని.

ఇక అందరికీ మోజున్న విషయం, బండిని ఎత్తు చేయించడం. పొలం బాటల్లో అడుగు తగులుతోందని స్ప్రింగుల కింద ముక్కలు పెట్టించేవాళ్లు, కాయిళ్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చేవాళ్లు ఊరికి నలుగురైనా కనిపిస్తారు. బఫర్ దూర్చిన చోట ఆ కాయిలు పని ఆగిపోతుంది. దాని వాటా మిగతా కాయిళ్లు మోస్తాయి, దెబ్బ నేరుగా స్ట్రట్ మౌంటుకు పోతుంది. అడుగు తగలకపోవచ్చు, కూర్చున్నవాళ్ల నడుముకు మాత్రం తగులుతుంది. ముక్కలు పెట్టి ఎత్తు పెంచితే డ్రైవ్ షాఫ్ట్ వాలు మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి, మలుపుల్లో బండి ఎక్కువగా ఒరుగుతుంది. చట్టం మాట ఇంకొకటి. ఆర్‌సీలో నమోదైన వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. ఇష్టమొచ్చినట్టు మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా క్లెయిము దగ్గర కూడా తంటా రావచ్చు.

నిజానికి పాత బండి అడుగు తగలడానికి చాలాసార్లు కారణం దాని ఎత్తు తక్కువ కావడం కాదు, స్ప్రింగులు కుంగడం. చదునైన కళ్లం మీద బండిని నిలిపి, చక్రం నడిమధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా టేపుతో నాలుగు మూలలా కొలవాలి. ఎడమకీ కుడికీ వేలెడంత తేడా వచ్చినా, అదే మోడల్ బాగున్న బండి కంటే తగ్గినా, స్ప్రింగు మార్చడమే వైద్యం. సీజన్లో డిక్కీలో మిర్చి టిక్కీలు వేసి గుంటూరు యార్డుకు పరిగెత్తించిన కార్లకు వెనక స్ప్రింగులు ముందు పోతాయి. కంపెనీ కొలత స్ప్రింగు వేస్తే పోయిన ఎత్తు దానంతట అదే తిరిగొస్తుంది.

టైర్ల దగ్గర కూడా ఇదే పొరపాటు ధోరణి ఉంది. పెద్ద అల్లాయ్ చక్రాలు, పలచటి టైర్లు చూడ్డానికి బాగుంటాయి. గుంటలో పడ్డప్పుడు దెబ్బ తినాల్సింది టైరు పక్కగోడ. అది పలచబడితే దెబ్బ రిమ్ముకు పోతుంది. మార్చాలనే ఉంటే మొత్తం ఎత్తు మారకుండా మార్చుకోవచ్చు. 165/80 ఆర్14 టైరు మొత్తం వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లు, 185/70 ఆర్14ది సుమారు 615. తేడా ఐదు మిల్లీమీటర్లు, పట్టు మాత్రం ఎక్కువ. కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య చూడాలి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో ఇరవైమూడో వారంలో తయారైంది. గీతలు నిండుగా ఉన్నా అది ముసలి టైరే.

సామాను ఎక్కడ కొనాలన్న ప్రశ్నకు ఇక్కడివాళ్లు వెతుక్కోనక్కర్లేదు. గుంటూరు దగ్గరే, విజయవాడ జవహర్ ఆటోనగర్ మహా అయితే సగం పూట ప్రయాణం. పాత సామానులో కొనదగ్గవి ఉన్నాయి. తలుపులు, అద్దాలు, స్టార్టరు మోటారు, ఆల్టర్నేటరు లాంటివి పరీక్షించి తెచ్చుకోవచ్చు. రంగు పూసి మెరిపించిన పాత షాక్ అబ్జార్బరు, బ్రేకు సామాను, ఏ రకమైన రబ్బరూ సెకండ్ హ్యాండులో ముట్టుకోకూడదు. అసలు ఈ పాత ఇనుముకు తెనాలిలో వేరే గతి ఉంది. అక్కడి శిల్పి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర బోల్టులు, నట్లు, వాహనాల తుక్కుతో విగ్రహాలు నిలబెడతారు. 2021లో పద్నాలుగు అడుగుల మోదీ విగ్రహాన్ని తుక్కుతోనే చేశారు. అరిగిన గేరు చక్రానికి ఇంకో బండిలోకి ఎక్కడం కంటే అది గౌరవప్రదమైన విశ్రాంతి.

సూర్యలంక, నిజాంపట్నం దాకా తిరిగే బళ్లకు ఉప్పుగాలి తుప్పు తెస్తుంది. బానెట్ లేపి, స్ట్రట్ పై బోల్టులు బిగించే గుండ్రటి చోటు చుట్టూ స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. రేకు దిగబడితే ముందు వెల్డింగ్, ఆ తర్వాతే స్ట్రట్. వెనక స్ప్రింగు కూర్చునే పళ్లెం కూడా చూడాలి, అక్కడ మట్టి చేరి తడి ఆరదు.

ఎప్పుడు చేయించాలన్నది కూడా ప్రణాళికే. కోతలు, యార్డు హడావుడి అయ్యాక, వానలు మొదలవక ముందు, ఏప్రిల్, మే నెలలు అనుకూలం. చేతిలో డబ్బు ఒకేసారి లేకపోతే విడతలుగా చేయించొచ్చు, కానీ క్రమం తప్పకూడదు. మొదటి విడతలో బ్రేకులు, స్టీరింగు జాయింట్లు, తుప్పు. రెండో విడతలో ముందు స్ట్రట్లు, బుష్‌లు. మూడో విడతలో వెనక భాగం, టైర్లు. టైర్లు ముందే కొని, అరిగిన బుష్‌ల మీద తిప్పితే కొత్త టైరు ఆరు నెలల్లో ఒక పక్క అరిగిపోతుంది.

మెకానిక్ దగ్గర నిలబడి చూడాల్సిన పని ఒకటుంది. లోయర్ ఆర్ము బుష్ బోల్టును బండి జాకీ మీద వేలాడుతుండగా పూర్తిగా బిగించేయకూడదు. ముందు వదులుగా పెట్టి, బండిని దించి, చక్రాల మీద బరువు పడ్డాక ఆఖరి బిగువు ఇవ్వాలి. గాల్లో బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలి తిరిగిపోయి, ఆ మెలికలోనే ఉండి, ఏడాదిలో చిరుగుతుంది. మంచి సామాను వేయించినా నిలవలేదని తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే.

అన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంట్. మిషను ఇచ్చే కాగితం తీసుకుని దాచుకోవాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి బిగువు చూపించుకుని, అలైన్‌మెంట్ మళ్లీ చేయిస్తే కొత్త రబ్బరు సర్దుకున్నాక వచ్చిన తేడా సరవుతుంది. ఆ కాగితంలో వెనక చక్రాల అంకెలు కూడా ఉంటాయి, అవి చదివేవాళ్లు తక్కువ. స్విఫ్ట్ లాంటి బండికి వెనక చక్రాల కోణం సరిచేసే బోల్టే ఉండదు. అక్కడ అంకె ఎర్రగా వస్తే ‘వెనకది అంతేలెండి’ అన్న మాటకు సరేనని వచ్చేయకుండా, వెనక ఇరుసు వంగిందో, దాన్ని బాడీకి పట్టి ఉంచే బుష్ పోయిందో బండి మళ్లీ లిఫ్టు ఎక్కించి చూడమనాలి.